నలభై దాటాక కొత్త పనిలోకి: ఆదోని, ఎమ్మిగనూరు ఆడవాళ్లకు కొన్ని లెక్కలు, కొన్ని జాగ్రత్తలు

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పని చేయని ఆడవాళ్లు చాలా తక్కువ. పత్తి తీస్తారు, కండెలు చుడతారు, జిన్నింగ్ మిల్లులో సీజన్ పనికి పోతారు, మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోతారు, ఇంటి ముందరి అంగడి చూసుకుంటారు. అయినా నలభై అయిదేళ్లకు వెనక్కి చూసుకుంటే చాలామందికి సొంత పేరు మీద సర్వీసు లేదు, పీఎఫ్ లేదు, బ్యాంకు ఖాతాలో ‘ఇది నా సంపాదన’ అని చూపించే నాలుగు ఎంట్రీలు లేవు. పిల్లలు ఒక దారికి వచ్చారు, అత్తమామల బాధ్యత తగ్గింది లేదా పూర్తయింది, ఇంటాయన సంపాదన అంతంతమాత్రం. ఇప్పుడు సొంతంగా ఏదైనా చెయ్యాలని ఉంటుంది. కొందరికి చేయక తప్పదు.

ఈ వయసులో మార్పు అనగానే అందరూ ధైర్యం గురించి చెప్తారు. నేను చూసినంతలో ధైర్యం చాలక ఆగినవాళ్లు కొందరే. కాగితం తప్పి ఆగినవాళ్లు, లెక్క తప్పి ఆగినవాళ్లు, కొడుకు పేరు మీదో భర్త పేరు మీదో మొదలుపెట్టి చివరికి అప్పు మాత్రం తన నెత్తిన మిగుల్చుకున్నవాళ్లు చాలామంది. అందుకని ఈ వ్యాసంలో చెప్పేదంతా ఒక్క సూత్రం మీదే నడుస్తుంది: పని, డబ్బు, కాగితం మూడూ మీ పేరు మీద ఉండాలి. ఈ మూడూ కుదిరితే ధైర్యం దానంతటదే వస్తుంది.

టైము విషయం కూడా ముందే చెప్పుకుందాం. నలభై అయిదేళ్ల మనిషికి అరవై వరకు పదిహేనేళ్ల సర్వీసుంది. ఒక పని నేర్చుకుని, అందులో పేరు తెచ్చుకుని, పెన్షన్ అర్హత సంపాదించడానికి ఇది చాలు. తప్పుడు పని మీద అయిదేళ్లు పోగొట్టుకుని మళ్లీ మొదలుపెట్టేంత మాత్రం లేదు. కాబట్టి ఎంచుకునేటప్పుడే జాగ్రత్త పడాలి.

ముందు కాగితాలు

పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, బ్యాంకు పాస్‌బుక్కులో ఇంటిపేరే లేకుండా ఒట్టి పేరు. పుట్టిన తేదీ తెలియక ఎప్పుడో ఎవరో వేసిన జనవరి 1. మన దగ్గర నలభై దాటిన ఆడవాళ్ల కాగితాలు సగం ఇట్లే ఉంటాయి. ఇంట్లో ఉన్నంత కాలం దీనివల్ల ఇబ్బంది తెలియదు. ఉద్యోగంలో చేరిన రోజు, లోన్ ఫైలు పెట్టిన రోజు, పీఎఫ్ డబ్బుకు అప్లై చేసిన రోజు బయటపడుతుంది. అప్పుడు సరిచేయించుకుందామంటే టైముండదు.

ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు. అందుకని తొందరపడి సెంటర్‌కు పోవద్దు. మీ దగ్గరున్న కాగితాలన్నీ మంచం మీద పరిచి, ఏ పేరు, ఏ తేదీ ఖాయం చేసుకోవాలో ముందు తేల్చుకోండి. టెన్త్ సర్టిఫికెట్ ఉంటే తేదీకి అదే ఆధారం. తర్వాత ఆధార్, పాన్, బ్యాంకు, ఈ వరుసలో ఒకదానికొకటి కలిసేలా మార్పించుకోండి.

రెండోది ఫోన్ నంబరు. చాలామంది ఖాతాలకు కొడుకు నంబరు లింకై ఉంటుంది. ఓటీపీ వాడికి పోతుంది. వాడు బెంగళూరులో డ్యూటీలో ఉంటే మీ పని ఆగుతుంది. వాడు మంచివాడే కావచ్చు, కానీ మీ డబ్బు తాళంచెవి ఇంకొకరి జేబులో ఉండకూడదు. మీ పేరు మీద సిమ్ము, మీ ఒక్కరి పేరు మీద ఖాతా, దానికి మీరు ఎంచుకున్న నామినీ. ఇవి కుదిరాకే మిగతావి.

టెన్త్ పాసు కాకపోతే ఓపెన్ స్కూల్ ఉంది, దానికి పై వయసు పరిమితి లేదు, తెలుగులోనే రాయవచ్చు. అయితే ఊరికే సర్టిఫికెట్ కోసం చదవొద్దు. మీరు అనుకున్న పనికి టెన్త్ అడుగుతున్నారా లేదా కనుక్కుని, అడుగుతుంటేనే ఫీజు కట్టండి.

వయసు గీతలు ఎక్కడున్నాయో తెలుసుకోండి

మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. అంగన్‌వాడీ వర్కర్ పోస్టుకు పై వయసు 35. నలభై రెండేళ్ల ఆమె దగ్గర ‘పోస్టు ఇప్పిస్తా’ అని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే, రెండో ఆలోచన అక్కర్లేదు. ఆశా కార్యకర్తకు 45 వరకు. టీచరు పోస్టులకు 2025 డీఎస్సీలో జనరల్ కేటగిరీకి 44 పెట్టారు, రిజర్వేషన్ వర్గాలకు ఇంకో అయిదేళ్లు. బీఈడీ చేసి పిల్లల కోసం ఆగిపోయినవాళ్లు ప్రతి నోటిఫికేషన్‌లోనూ ఈ గీత ఎక్కడ గీశారో చూసుకోవాలి. పోయినసారి అంకె ఈసారి ఉంటుందని అనుకోకూడదు.

పొదుపు పథకాల్లోనూ ఇంతే. అటల్ పెన్షన్ యోజనలో నలభై దాటితే చేర్చుకోరు. జీవన్ జ్యోతి బీమాలో యాభై లోపు చేరాలి. ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంతో చనిపోయినా ఇంటివాళ్లకు 2 లక్షలు. యాభైలోపు చేరినవాళ్లు యాభై అయిదు వరకు కొనసాగవచ్చు. సురక్ష బీమా డెబ్బై వరకు. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. మీ వయసు నలభై తొమ్మిదైతే జీవన్ జ్యోతి ఫారం ఈ నెలలోనే బ్యాంకులో ఇవ్వండి.

వచ్చిన పనిని పనిగా రాసుకోండి

‘నీకేం పని వచ్చు?’ అని అడిగితే మనవాళ్లు ఠక్కున చెప్పే మాట ‘నాకేం రాదు, ఇంట్లోనే ఉంటా’. ఇది అణకువ కాదు, లెక్క తప్పడం. ఒక తెల్లకాగితం తీసుకుని, డబ్బు తీసుకోకుండా ఇన్నేళ్లు చేసినవన్నీ రాయండి. పొదుపు సంఘం లీడరుగా మీటింగు పుస్తకం రాశారా? అది అకౌంట్స్ పని. అంగట్లో ఉద్దరలు వసూలు చేశారా? అది కలెక్షన్ పని. అత్తకు మూడేళ్లు మంచంలో సేవ చేశారా? కేర్‌టేకర్లు పట్నాల్లో జీతం తీసుకుని చేసేది అదే.

మన ప్రాంతానికి ఇంకో లాభం ఉంది. ఇంట్లో తెలుగు, సిరుగుప్ప, బళ్లారి, రాయచూరు బంధుత్వాల వల్ల కన్నడం, బజారులో ఉర్దూ. ఆదోనిలో ఈ మూడు భాషలూ మాట్లాడే ఆడవాళ్లు వీధికి నలుగురు ఉంటారు, అదొక అర్హతని వాళ్లకే తెలియదు. ఆసుపత్రి రిసెప్షన్‌కు, బట్టల షాపు కౌంటర్‌కు, బీమా పనికి మూడు భాషలు వచ్చిన మనిషి కావాలి. ఉద్యోగం అడిగేటప్పుడు రెండో మాటగా ఇదే చెప్పండి.

ఎమ్మిగనూరు వైపు చేనేత కుటుంబాలది వేరే సమస్య. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. పడుగు తోడడం, కండెలు చుట్టడం, అచ్చు అతకడం, ఇవన్నీ ఇంట్లో ఆడవాళ్ల చేతుల మీదుగా పోతేనే మగ్గం ఆడుతుంది. కానీ మగ్గం ఎవరి పేరు మీదుంటే నేతకార్మికుడు ఆయనొక్కడే అన్నట్టుంటుంది వ్యవహారం. 2019–20 నాలుగో చేనేత గణనలో దేశంలో 35 లక్షలకు పైగా చేనేత కార్మికులు లెక్కకొస్తే, అందులో పది మందిలో ఏడుగురికి పైగా ఆడవాళ్లే. ఆ గణనలో నేసేవాళ్లతోపాటు అనుబంధ పనులు చేసేవాళ్లనూ రాసుకున్నారు. కాబట్టి మీ పేరు మీద గుర్తింపు కార్డు ఉందా, లేదా అని చేనేత శాఖ ఆఫీసులో విడిగా అడగండి. భర్త కార్డు చూపించి ‘మాకుంది’ అనొద్దు. మన రాష్ట్రంలో చేనేత పెన్షన్‌కు వయసు 50. ఆ వయసుకు వచ్చాక కార్డు కోసం తిరగడం కంటే ఇప్పుడే చేయించుకోవడం నయం.

జీతం పని: చేతికొచ్చేది ఒక్కటే చూడొద్దు

జిన్నింగ్ మిల్లు, నూనె మిల్లు, షోరూము, ప్రైవేటు బడి, ఏదైనా కావచ్చు, చేరేముందు మూడు ప్రశ్నలు అడగండి. జీతం బ్యాంకులో వేస్తారా? పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా? సీజన్ అయిపోయాక పని ఉంటుందా?

20 మంది, అంతకు మించి పనిచేసేచోట పీఎఫ్, 10 మంది, అంతకు మించి ఉన్నచోట ఈఎస్‌ఐ వర్తిస్తాయి. ఒక ఉదాహరణ చూద్దాం. జీతం 12,000 అనుకోండి. పీఎఫ్‌కు 12 శాతం అంటే 1,440, ఈఎస్‌ఐకి 0.75 శాతం అంటే 90. రెండూ పోగా చేతికి 10,470. ఇక్కడ చాలామంది చేసే తప్పు, ‘నాకు కటింగులు వద్దు సార్, మొత్తం చేతికే ఇవ్వండి’ అనడం. యజమానికీ అదే కావాలి. ఎందుకంటే మీ 1,440కి సమానంగా ఆయనా 1,440 కట్టాలి, ఈఎస్‌ఐకి ఇంకో 390. మీరు వద్దంటే మీకు 1,530 మిగిలినట్టు కనబడుతుంది, ఆయనకు 1,830 మిగులుతుంది. నష్టం మీదే.

పెన్షన్ లెక్క మరీ ముఖ్యం. పీఎఫ్ పెన్షన్ రావాలంటే 58 ఏళ్ల లోపు పదేళ్ల సర్వీసు ఉండాలి. నలభై ఏడులో చేరితే 57కు పదేళ్లు పూర్తవుతాయి. యాభైలో చేరితే కావు, అప్పుడు కట్టింది వెనక్కి తీసుకోవడమే. 12,000 జీతం మీద పదేళ్లకు నెలకు సుమారు 1,700 పెన్షన్ వస్తుంది. పెద్ద మొత్తం కాదు, కానీ బతికున్నంత కాలం వస్తుంది, మీ పేరు మీద వస్తుంది. పెళ్లికి ముందో, ఇరవై ఏళ్ల కిందటో ఏదైనా స్పిన్నింగ్ మిల్లులో పనిచేసి పీఎఫ్ కట్టి, ఆ డబ్బు తీసుకోకుండా ఉంటే ఆ పాత నంబరు వెతకండి. దాన్ని మీ కొత్త పీఎఫ్ నంబరు యూఏఎన్‌కు కలిపించుకుంటే ఆ సర్వీసూ లెక్కకొస్తుంది.

ఆదోనిలో పత్తి సీజన్ ఇంకో విషయం నేర్పిస్తుంది. మార్కెట్ యార్డుకు పత్తి వస్తున్న నెలల్లో కమీషన్ దుకాణాలకు, మిల్లులకు బిల్లులు రాసే మనిషి అర్జెంటుగా కావాలి. ఎండాకాలంలో ఎవరూ తీసుకోరు. ఇంటర్ చదివినవాళ్లు ట్యాలీ, జీఎస్టీ బిల్లింగ్ ఎండాకాలంలో నేర్చుకుని దసరా ముందే పోయి అడగాలి. సీజన్ మధ్యలో కోర్సులో చేరితే నేర్చుకునేటప్పటికి సీజన్ ముగుస్తుంది, మళ్లీ ఏడాది ఆగాలి.

ఇంటర్వ్యూలో ‘ఇన్నేళ్లు ఎందుకు చేయలేదు?’ అని అడుగుతారు. సంజాయిషీ చెప్పొద్దు, సాగదీయొద్దు. ‘పిల్లల చదువుల కోసం ఆగినా. ఇప్పుడు చిన్నోడు ఇంజనీరింగ్‌లో ఉన్నాడు. రోజూ తొమ్మిదికి వస్తా, సీజన్‌లో లేటయినా ఉంటా’ అని చెప్పి ఆపండి. యజమానికి కావాల్సింది మీ కథ కాదు, మధ్యలో మానేయరనే నమ్మకం. పాతికేళ్ల పిల్ల పెళ్లయి పోతుందేమోనని ఆయన భయం. ఆ భయం మీ విషయంలో లేదు, అది మీకు ప్లస్సు.

పని పక్క ఊర్లో ఉంటే బస్సు ఖర్చు ఇప్పుడు అడ్డం కాదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో మన రాష్ట్ర ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు. ఆదోని–ఎమ్మిగనూరు ఇలాగే పోయి రావచ్చు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్ మాత్రం తప్పకుండా తీసుకోవాలి. అయితే పక్క రాష్ట్రానికి పోయే బస్సుల్లో ఇది చెల్లదు. బళ్లారిలోనో రాయచూరులోనో పని ఒప్పుకునేముందు చార్జీలు లెక్కలో వేసుకోండి.

ఏజెన్సీ పని: దాన్ని ఉద్యోగమని అనుకోవద్దు

ఎల్‌ఐసీ బీమా సఖి గురించి చాలామంది అడుగుతున్నారు. 2024 డిసెంబరులో మొదలైంది. 18 నుంచి 70 ఏళ్ల లోపు, టెన్త్ పాసైన ఆడవాళ్లకు. మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 స్టైపెండ్. కమీషన్ వేరు. వినడానికి బాగుంటుంది. షరతులు కూడా వినండి: మొదటి ఏడాది 24 పాలసీలు చేయాలి. రెండో ఏడాది స్టైపెండ్ రావాలంటే మొదటి ఏడాది చేసిన పాలసీల్లో 65 శాతం ఇంకా నడుస్తూ ఉండాలి. స్టైపెండ్ ఏటా తగ్గుతుంది, మూడేళ్లకు ఆగిపోతుంది. ఇది ఎల్‌ఐసీ ఉద్యోగం కాదు, ఏజెన్సీ. ఇంట్లో దగ్గరివాళ్లు ఇప్పటికే ఎల్‌ఐసీ ఏజెంటో, ఉద్యోగో అయితే తీసుకోరు.

ఇందులో ఎక్కడ తేడా వస్తుందో చెప్తాను. మొదటి మూడు నెలల్లో అక్కకు, మరదలికి, తమ్ముడికి, సంఘంలో నలుగురికి పాలసీలు చేయిస్తారు. వాళ్లు మొహమాటానికి కడతారు. రెండో ప్రీమియం దగ్గర ఆపేస్తారు. మీరు మొహమాటపడి మీ చేతి డబ్బు కడతారు. ఏడాది తిరిగేసరికి స్టైపెండ్ పోయింది, చుట్టరికం చెడింది. కాబట్టి చేరకముందే ఒక పరీక్ష పెట్టుకోండి: బంధువులు కాని, నెలనెలా డబ్బు కనబడే అరవై మంది పేర్లు రాయగలరా? యార్డు గుమాస్తాలు, మెడికల్ షాపులవాళ్లు, ప్రైవేటు టీచర్లు, ఆటో ఓనర్లు. అరవై పేర్లు వస్తే చేరండి. ఇరవై దగ్గర ఆగిపోతే ఈ పని మీకు కాదు, ఇంకోటి చూడండి.

సొంత వ్యాపారం: రొట్టెల లెక్క

మన దగ్గర ఎక్కువమంది మొదలుపెట్టేది తిండి వ్యాపారం. జొన్న రొట్టెలు, బుడ్డల పొడి, పొద్దున ఉగ్గాని బజ్జీ. చేయి తిరిగిన పని కాబట్టి ధైర్యంగా దిగుతారు. వంట వచ్చినంత మాత్రాన వ్యాపారం వచ్చినట్టు కాదు. ఒక రోజు లెక్క వేద్దాం. ధరలు మీ ఊరివి వేసుకోండి, లెక్క తీరు మాత్రం ఇదే.

రోజుకు 100 రొట్టెలు, ఒక్కోటి 10 రూపాయలు అనుకుంటే 1,000. పిండి 7 కిలోలు 350. గ్యాసు 100. కవర్లు, కాగితం 50. మిగిలిపోయేవి, మాడిపోయేవి పది, అంటే 100. ఆటో, పెట్రోలు 40. మొత్తం 640. మిగిలేది 360. పిండి కలపడం నుంచి గిన్నెలు కడగడం దాకా ఆరు గంటలనుకుంటే గంటకు 60 రూపాయలు. నెలకు 26 రోజులు చేస్తే 9,360.

ఇప్పుడు ఈ అంకెను జీతం పనితో పోల్చుకోండి. మీకు కుదిరితే మొదలుపెట్టండి. చాలామంది పొరపాటు ఎక్కడంటే 1,000 చూసి సంతోషపడతారు, 360 చూడరు. రెండోది, డబ్బు ఇంటి డబ్బాలో కలిసిపోవడం. పొద్దున అమ్మిన డబ్బులోంచి పిల్లోడి ఆటోకు, పాలవాడికి ఇచ్చేస్తారు. సాయంత్రం పిండికి డబ్బు లేదు, సంఘంలో చేబదులు. మూడు నెలలకు వ్యాపారం నడుస్తూనే ఉంటుంది, మీరు మాత్రం అప్పులో ఉంటారు. వ్యాపారం డబ్బుకు వేరే డబ్బా, వేరే ఖాతా పెట్టండి. ఇంటికి ఇవ్వదలుచుకున్నది వారానికోసారి జీతంలా తీసి ఇవ్వండి.

మూడోది ఉద్దర. ‘అక్కా, రేపిస్తా’ అన్నవాళ్లకు కాదనలేరు. వారానికి ఒక్కొక్కరికి ఇంతకు మించి ఉద్దర లేదని గీత పెట్టుకుని, పుస్తకంలో వాళ్ల ఎదురుగానే రాయండి. ఎదురుగా రాస్తే సగం ఉద్దరలు అక్కడే ఆగిపోతాయి.

తిండి అమ్మేవాళ్లు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. చిన్న వ్యాపారానికి ఫీజు తక్కువే. చిన్న వ్యాపారంగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్‌లో అవుతుంది. దానికి వెయ్యి, రెండు వేలు అడిగితే అది వాళ్ల సర్వీసు చార్జీ, ప్రభుత్వ ఫీజు కాదు. రెండూ మీ పేరు మీదే తీయండి. షాపు బోర్డు మీద కొడుకు పేరు పెట్టుకోండి, అభ్యంతరం లేదు. లైసెన్సు మాత్రం మీది.

యూట్యూబ్ గురించి కూడా అడుగుతున్నారు. యాభై దాటాక అందులో పేరు తెచ్చుకున్న గంగవ్వ తెలంగాణలో లంబాడిపల్లి మనిషి. ఆమె వెనక ‘మై విలేజ్ షో’ అనే టీము ఉంది, రాసేవాళ్లు, తీసేవాళ్లు, ఎడిట్ చేసేవాళ్లు వేరే ఉన్నారు. ఆ టీము లేకుండా మన ఫోన్‌తో అదే వస్తుందనుకుని ఉన్న పని మానుకోవద్దు. పని చేసుకుంటూ సరదాకు పెట్టండి, వస్తే మంచిదే.

అప్పు

పట్టణంలో మెప్మా, పల్లెలో వెలుగు సంఘాల లోన్లు, ముద్రలో 50 వేల వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్. దారులు ఉన్నాయి. ప్రభుత్వ సబ్సిడీ పథకం పీఎంఈజీపీలో ఆడవాళ్లు సొంతంగా పెట్టాల్సింది 5 శాతం, సబ్సిడీ పట్టణంలో 25, పల్లెలో 35 శాతం. ఇప్పటి నిబంధనలు జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి తెలుసుకోండి. ఇక్కడ ఒకటి బాగా గుర్తుంచుకోవాలి: ఆ సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తున్నట్టు తేలాక అప్పులో సర్దుతారు. ‘సబ్సిడీ మూడు లక్షలు ఇప్పిస్తా, నాకు యాభై వేలు ఇవ్వండి’ అనే మధ్యవర్తి మీ చేతికి రాని డబ్బులో వాటా అడుగుతున్నాడు.

వాయిదాలు ఎంతవరకు కట్టగలరో ముందే తేల్చుకోండి. మైక్రోఫైనాన్స్ అప్పులకు రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన గీత, ఇంటి నెల ఆదాయంలో సగానికి మించి వాయిదాలు ఉండకూడదని. నన్నడిగితే సగం కూడా ఎక్కువే. ఇల్లంతా కలిసి నెలకు 20,000 వస్తుంటే అన్ని వాయిదాలూ కలిపి 6,000 దాటకుండా చూసుకోండి. సుగ్గికి పోయే ఇళ్లలో ఆదాయం నెలనెలా ఒకేలా రాదు, వాయిదా మాత్రం వారంవారం వస్తుంది. 2010లో మైక్రోఫైనాన్స్ అప్పుల వల్ల మన రాష్ట్రంలో ఆత్మహత్యల దాకా వచ్చి ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది ఇందుకే.

సంఘం లోనుది ఇంకో చిక్కు. అది ఆమె పేరు మీద వస్తుంది, ఆయన బండికో, కొడుకు సెల్‌ఫోన్‌కో పోతుంది, కట్టేది మళ్లీ ఆమె. ఒకరు ఆపితే సంఘమంతా మోయాలి. అప్పు తెచ్చేముందే ఇంట్లో చెప్పండి: ‘ఇది వ్యాపారానికి. దీన్నుంచి ఇంటికి రూపాయి తీయను’. ఆ మాట తెచ్చాక చెబితే గొడవ, ముందు చెబితే ఒప్పందం. ఇదే కర్నూలు జిల్లాలో ఓర్వకల్లు పొదుపులక్ష్మి సంఘం ఆడవాళ్లు పొదుపుతో మొదలై బాలభారతి పేరుతో బడి నడిపేదాకా వచ్చారు. సంఘం డబ్బు సంఘంలోనే తిరిగితే ఏమవుతుందో చూడాలంటే అక్కడికి ఒకసారి పోయి రండి.

మోసాలు ఎట్లా వస్తాయి

‘మెషిన్ కొనండి, తయారైన సరుకు మేమే కొంటాం’ అనేది అన్నిటికంటే ఎక్కువగా ముంచుతున్న మాట. పేపర్ ప్లేట్లు, ఒత్తులు, అగరబత్తీలు, సరుకేదైనా తీరు ఒకటే. మొదటి రెండు లోడ్లు కొంటారు, మూడోది ‘క్వాలిటీ లేదు’ అంటారు, తర్వాత ఫోనెత్తరు. మెషిన్ అమ్మడమే వాళ్ల వ్యాపారం. కొనేముందు మీ సరుకు మీ బజారులో కొనే మూడు దుకాణాల పేర్లు మీ దగ్గర ఉండాలి. అవి లేకపోతే మెషిన్ వద్దు.

ఇంటి దగ్గరే ప్యాకింగ్ పని అని ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే అది మోసం. జీతం ఇచ్చేవాడు ఫీజు అడగడు. ఫోన్‌పేలో డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగారంటే మీ డబ్బు పోతున్నట్టే. పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి, సిగ్గుపడి రెండు రోజులు ఆగితే డబ్బు దొరకదు.

ఇల్లు, పనిచోటు

‘ఈ వయసులో నీకెందుకివన్నీ?’ అనే మాట ఇంట్లోంచే వస్తుంది. దీనికి వాదన పెట్టుకోవద్దు. వాదిస్తే మీ అర్హత గురించి చర్చ మొదలవుతుంది. పని పంచే లెక్క మాట్లాడండి: పొద్దున టిఫిన్ నేను, మధ్యాహ్నం అన్నం కోడలు, సాయంత్రం నీళ్లు, సరుకులు ఆయన. రెండు నెలలకు వేళలు అలవాటవుతాయి. వంటంతా చేసి, తొమ్మిదికి పనికి పోయి, ఆరుకొచ్చి మళ్లీ వంట మొదలుపెట్టే పద్ధతి ఆరు నెలలు కూడా నిలవదు. మానేసేది మీరే, ‘ముందే చెప్పలే?’ అనేది వాళ్లు.

పనిచోట ఎవరైనా హద్దు దాటితే వయసు చూసి ఊరుకోవద్దు. పది మంది, అంతకు మించి పనిచేసేచోట ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం. చిన్న దుకాణమైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఇవ్వవచ్చు. మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తేదీ, టైము, అన్న మాట ఆ రోజే రాసిపెట్టుకోండి.

ఒళ్లు

నలభై అయిదు నుంచి యాభై అయిదు మధ్య నెలసరి ఆగే దశ. వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, చిరాకు, కొందరికి విపరీతమైన బ్లీడింగ్. కొత్త పనిలో చేరిన ఏడాదే ఇది వస్తే ‘నాకు చేతకాదు’ అనుకుని మానేస్తారు. అది చేతకాకపోవడం కాదు, ఆ దశ ప్రభావం; బ్లీడింగ్ ఎక్కువైనవాళ్లకు రక్తం తగ్గడం కూడా. చేరేముందు హిమోగ్లోబిన్, బీపీ, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనబడితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టరు దగ్గరికి పోవాలి. జిన్నింగ్‌లో పనిచేసేవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం నామోషీ అనుకోవద్దు. దూది ధూళితో వచ్చే దగ్గు పెరిగితే ఊరికే పోదు.

మొదలుపెట్టే వరుస

ఈ వారం: కాగితాలు పరిచి తప్పులు రాసుకోవడం, సొంత సిమ్ము, సొంత ఖాతా. ఈ నెల: వచ్చిన పనుల కాగితం, మూడు పనులు ఎంచుకుని ఆ పని ఇప్పటికే చేస్తున్న ఒక్కొక్కరితో మాట్లాడటం. వాళ్లను ‘ఎంతొస్తుంది’ అని అడగొద్దు, ‘ఎక్కడ పోతుంది’ అని అడగండి. ఆ తర్వాత మూడు నెలలు: ఉన్న పని మానకుండా కొత్తది చిన్నగా చేసి చూడటం. అప్పు ఈ మూడు నెలల తర్వాతే.

ఆపేసే గీత కూడా ముందే పెట్టుకోండి. ‘ఇన్ని వేలు పోతే, ఇన్ని నెలలు మిగులు లేకపోతే ఆపేస్తా’ అని పుస్తకం మొదటి పేజీలో రాసి సంతకం పెట్టండి. ఆ గీత దగ్గరికొస్తే ఆపి, రెండో పని మొదలుపెట్టండి. అప్పులో పడకుండా ఆపినవాళ్లకు ఇంకో అవకాశం ఉంటుంది. నలభై అయిదులో ఒకటి పోయినా నలభై ఆరులో ఇంకోటి మొదలుపెట్టవచ్చు. దానికి కావాల్సింది మీ పేరు మీద చెడని కాగితం, మీ పేరు మీద మొండిబాకీ లేని ఖాతా.